నా రక్తం ఎవరిని కాదంటుంది: ఐలెట్ కణాల మార్పిడి అనుభవం

టైప్-1 మధుమేహం నాకు చిన్నతనంలోనే వచ్చింది. ఇంజెక్షన్లతో మొదలుపెట్టి, పంపు, సెన్సార్ల దాకా అన్నీ వాడుతూ చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. చివరికి నన్ను కణాల మార్పిడి వరకు తీసుకువెళ్లింది మాత్రం షుగర్ పెరగడం కాదు, పడిపోవడం. మొదట్లో షుగర్ తగ్గితే చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, గుండె దడదడలాడేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ హెచ్చరికలన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. డెసిలీటరుకు 54 మిల్లీగ్రాముల కంటే కిందికి దిగినా నాకు ఏమీ తెలిసేది కాదు. నా మాట తడబడుతోందని మావారు గమనించేసరికి స్పృహ తప్పే స్థితిలో ఉండేదాన్ని. సెన్సార్ అలారం మోగినా లేవలేకపోయిన ఒక రాత్రి తరువాత, మా డాక్టరుగారు మొదటిసారి ఐలెట్ మార్పిడి మాట ఎత్తారు.

క్లోమంలో అక్కడక్కడా గుంపులుగా ఉండే, ఐలెట్లు అనే ఈ కణసముదాయాలను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించాడు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు వీటిలోనే ఉంటాయి. మరణించిన దాత క్లోమాన్ని ఎంజైముతో కరిగించి, ఐలెట్లను వేరుచేసి, గ్రహీత కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కిస్తారు. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ బృందం ఏడుగురు రోగుల్లో స్టెరాయిడ్లు లేకుండా ఈ పద్ధతిని విజయవంతం చేశాక దీనికి ఊపు వచ్చింది.

ఈ సంగతి ఇంట్లో తెలిసిన వెంటనే మా అక్క ముందుకొచ్చింది. కణం తనదో పరాయిదో శరీరం గుర్తుపట్టేందుకు కణాలపై ఉండే గుర్తులను హెచ్‌ఎల్‌ఏ అంటారు; తోబుట్టువులలో అవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. పరీక్ష చేస్తే మా ఇద్దరిదీ అచ్చంగా కలిసింది. ఇంతకంటే మంచి దాత ఎక్కడ దొరుకుతారని మేమంతా సంతోషించాం. డాక్టరుగారు మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు వద్దో ఓపికగా చెప్పారు. బతికున్న మనిషి క్లోమంలో కొంత భాగం తీస్తే ఆమెకే మధుమేహం వచ్చే ప్రమాదం ఉంది, అందులోంచి వచ్చే ఐలెట్లు కూడా చాలకపోవచ్చు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది రెండో కారణం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ సదర్లాండ్ బృందం ఒకేలాంటి కవలల మధ్య క్లోమ భాగాన్ని మార్పిడి చేసింది. కణజాలం పూర్తిగా ఒకటే కాబట్టి తిరస్కరణ ఉండదని, నిరోధక శక్తిని అణచే మందులు ఇవ్వలేదు. ఆ క్లోమాన్ని శరీరం పరాయిదిగా చూడలేదు, అయినా మధుమేహం మళ్లీ వచ్చింది, ఎందుకంటే బీటా కణాలను మొదట నాశనం చేసిన తెల్ల రక్తకణాలు కొత్త బీటా కణాలను కూడా గుర్తుపట్టాయి. అంటే పోలిక పరాయితనాన్ని తీసేస్తుందే తప్ప పాత జబ్బును ఆపలేదు. పైగా నాలో ఉన్న డీఆర్3, డీఆర్4 అనే హెచ్‌ఎల్‌ఏ రకాలు టైప్-1 ముప్పును పెంచేవి, అవే మా అక్కలోనూ ఉన్నాయి. అక్క ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. తాను ఇవ్వగలిగినది చెల్లెలికి పనికిరాలేదన్న బాధ తనకు ఇప్పటికీ ఉంది.

కిడ్నీ మార్పిడిలో ఎన్ని హెచ్‌ఎల్‌ఏ రకాలు కలిశాయో లెక్కపెడతారని నేను విని ఉన్నాను. ఐలెట్ల విషయంలో సాధారణంగా అలా వెతకరు. రక్తవర్గం పొసగాలి; ఆ తరువాత చూసే ముఖ్యమైన సంగతి, గ్రహీత రక్తంలో ఆ దాత హెచ్‌ఎల్‌ఏకు వ్యతిరేకంగా ముందే తయారై ఉన్న యాంటీబాడీలు. దాత నాలా ఉన్నాడా అన్నదానికంటే, నా రక్తం ఎవరిని ముందే కాదంటుందన్నదే అక్కడి ప్రశ్న.

రక్తమార్పిడి, అంతకుముందు జరిగిన అవయవ మార్పిడి, గర్భధారణ: ఈ మూడింటి వల్ల అలాంటి యాంటీబాడీలు పుడతాయి. నాకు ఒక బిడ్డ ఉంది. బిడ్డ హెచ్‌ఎల్‌ఏలో సగం తండ్రిది కాబట్టి, గర్భంలో ఉన్నప్పుడూ ప్రసవంలోనూ ఆ పరాయి సగం తల్లి రక్తానికి పరిచయమవుతుంది. ఒక్కో పూసకు ఒక్కో హెచ్‌ఎల్‌ఏ అణువును అతికించి చేసే పరీక్షలో, నా సీరమ్ ఏ పూసలను అంటుకుందో కాగితంపై వరుసగా ముద్రించి ఇచ్చారు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్ద అంకెతో, ఏ2 అనే హెచ్‌ఎల్‌ఏ రకం ఉంది. అది మావారి రకం, మా అమ్మాయికి ఆయన నుంచి వచ్చినది. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. బిడ్డను మోసిన జ్ఞాపకం నా రక్తంలో ఇన్నేళ్లు ఇలా నిలిచి ఉందన్నది నాకు గొప్పగానే అనిపించింది, కానీ చాలా జనసమూహాల్లో ఏ2 సర్వసాధారణం కాబట్టి దాతలలో పెద్ద భాగం నాకు దూరమయ్యారు.

తరువాత మిగిలింది నిరీక్షణే. దాత దొరికారని ఫోన్ వచ్చేది. దాత హెచ్‌ఎల్‌ఏను నా యాంటీబాడీల జాబితాతో కంప్యూటర్‌లో సరిచూసి, ఏ2 ఉందని వదులుకునేవారు. ఒకసారి అన్నీ కుదిరినా, వేరుచేశాక వచ్చిన ఐలెట్ల సంఖ్య చాలలేదు. గ్రహీత శరీర బరువులో కిలోకు కనీసం 5,000 ఐలెట్లు ఉంటే తప్ప మొదటి విడత ఎక్కించరు.

చివరికి కుదిరిన రోజున పెద్ద ఆపరేషన్ ఏమీ లేదు. కుడి పక్కటెముకల దగ్గర తిమ్మిరి మందు ఇచ్చి, అల్ట్రాసౌండ్, ఎక్స్‌రేల సాయంతో కాలేయం గుండా సన్నని కాథెటర్‌ను పోర్టల్ సిరలోకి పంపారు. స్టాండుకు వేలాడదీసిన సంచిలో, తేటగా ఉన్న ద్రవం అడుగున, లేత గోధుమరంగు నలుసులు పలుచగా పేరుకుని ఉన్నాయి. అవి కిందికి దిగిపోకుండా ఒక డాక్టరు ఆ సంచిని రెండు చేతులతో నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతూనే ఉన్నారు. మధ్యమధ్యలో ఆపి సిరలో ఒత్తిడి ఎంత ఉందో చూశారు. కుడి భుజంలో ఒక రకమైన నొప్పి వచ్చింది. కాలేయం పైపొర కదిలితే అలా భుజానికి నొప్పి పాకుతుందని చెప్పి, నా చేయి పట్టుకున్న నర్సుగారిని ఎన్నటికీ మరువను. నాకు పేరు కూడా తెలియని ఒక కుటుంబం తమ దుఃఖంలో తీసుకున్న నిర్ణయం ఆ సంచిలో ఉంది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

ఎక్కించిన ఐలెట్లలో గణనీయమైన భాగం రక్తం తగిలిన మొదటి గంటల్లోనే నశిస్తుంది. అందుకే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చారు. మిగిలినవి కొత్త రక్తనాళాలు ఏర్పరచుకునేదాకా వాటికి శ్రమ కలగకుండా, షుగర్‌ను ఇన్సులిన్‌తో గట్టిగా అదుపులో ఉంచారు. నిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ అనే మందు వల్ల కొన్ని నెలలు చేతులు వణికాయి, మరో మందు వల్ల కడుపు తరచూ పాడయ్యేది. శరీరం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు దానితోపాటే వెలువడే సి-పెప్టైడ్, అన్నేళ్లుగా కనబడనిది, రిపోర్టులో కనబడినప్పుడు, నా శరీరంలో ఇన్సులిన్ తయారవుతోందన్నమాట నేను రెండుసార్లు చదువుకున్నాను. ఇన్సులిన్ మోతాదు సగానికంటే తక్కువకు వచ్చింది. ప్రాణాంతకమైన ఆ పతనాలు ఆగిపోయాయి; షుగర్ తగ్గుతుంటే ఇప్పుడు మళ్లీ చెమట పడుతోంది, తెలుస్తోంది.

చాలామందికి ఇన్సులిన్ పూర్తిగా మానడానికి రెండో దాత అవసరమవుతుంది. నేను దాన్ని ప్రస్తుతానికి వాయిదా వేశాను. ప్రతి కొత్త దాతా కొత్త హెచ్‌ఎల్‌ఏలను తెస్తాడు. కణాలు విఫలమై మందులు ఆపవలసి వస్తే, అప్పుడు పుట్టే యాంటీబాడీల జాబితా బాగా పెరగవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీ కావలసి రావచ్చు, ఆనాడు నాకు పొసగే దాతలు ఇంకా తగ్గిపోతారు. పతనాల నుంచి బయటపడటమే నా లక్ష్యం, అది నెరవేరింది.

ఈలోగా పరిశోధనలు సాగుతున్నాయి. మూలకణాల నుంచి తయారుచేసిన ఐలెట్లు పొందిన 12 మందిలో 10 మంది ఏడాది తరువాత ఇన్సులిన్ లేకుండా ఉన్నారని 2025లో ప్రచురించారు, కాని వారికీ అణచివేత మందులు తప్పలేదు. అదే ఏడాది స్వీడన్‌లోని ఉప్సాలా నుంచి వచ్చిన వార్త నాకు ఇంకా దగ్గరగా అనిపించింది. హెచ్‌ఎల్‌ఏ బయటికి కనబడకుండా జన్యుమార్పు చేసిన దాత ఐలెట్లను ఒక వ్యక్తి ముంజేతి కండరంలో పెట్టగా, అణచివేత మందులేవీ లేకుండానే అవి బతికి ఇన్సులిన్ తయారుచేశాయి. మోతాదు చిన్నది కాబట్టి ఆయన ఇన్సులిన్ మానలేదు, ఫలితం ఒక్కరిదే. అలాంటి కణాలు నా వంటివారికి అందుబాటులోకి వచ్చేదాకా, నా రక్తంలో కొత్త యాంటీబాడీలు పుట్టాయేమో క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకుంటూ, రెండో విడత సంగతి డాక్టరుగారితో ఏటా మళ్లీ చర్చించాలని నిర్ణయించుకున్నాం.