చీర వేసుకోరు పిల్లా, కట్టుకుంటారు

పోయినేడు సెలవులకి కావలి వెళ్లినప్పటి మాట. నెల్లూరులో దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లి, అమ్మ బీరువా ముందు నిలబడి ఏ చీరా నచ్చక ఒక్కోటీ తీసి మంచం మీద పడేస్తా ఉంది. టెక్సాస్‌లో పుట్టి పెరిగిన నా తొమ్మిదేళ్ల కూతురు చాలా బుద్ధిగా, "అమ్మమ్మా, నువ్వు ఏ చీర వేసుకుంటావు?" అని అడిగింది. వెంకటగిరి చీర పట్టుకున్న అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏందే పిల్లా, చీర వేసుకుంటారా? అదేమన్నా చొక్కానా? కట్టుకుంటారు" అని, ఆ వెంటనే నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, పిల్లకి ఏం నేర్పిచ్చి చచ్చావు అని దానర్థం.

పిల్ల తప్పు కాదది. దాని బుర్రలో ఉన్నది 'వేర్' అనే ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియ. చీరకీ అదే, చొక్కాకీ అదే, కళ్లజోడు, ఉంగరం, టోపీ, సెంటు, ఆఖరికి గడ్డానికి కూడా అదే. దానికి తెలుగులో జోడీగా ఎప్పుడో 'వేసుకోవడం' అనే మాట దొరికింది, ఇక అన్నిటికీ దాన్నే వాడేస్తోంది. బొట్టు వేసుకున్నా, పూలు వేసుకున్నా, వాచీ వేసుకున్నా.

ఆ మధ్యాహ్నం అమ్మ పెళ్లి సంగతి పక్కన పెట్టి మంచం మీదే క్లాసు మొదలుపెట్టింది. చీర, పంచె కట్టుకుంటారు. చొక్కా తొడుక్కుంటారు, వేసుకుంటారన్నా పర్లేదు. బొట్టు, కాటుక, కమ్మలు, కళ్లజోడు పెట్టుకుంటారు. గొలుసు వేసుకుంటారు, ఉంగరం పెట్టుకుంటారు, గాజులు తొడుక్కుంటారు. పసుపు రాసుకుంటారు, సెంటు పూసుకుంటారు, తలపాగా చుట్టుకుంటారు, దుప్పటి కప్పుకుంటారు. పూలు ముడుచుకుంటారు అనగానే పిల్ల "మూతి కూడా ముడుచుకుంటారు కదా, నువ్వు నిన్న ముడుచుకున్నావు" అంది. అమ్మకి కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది.

నేను వింటా కూర్చున్నా. నలభై ఏళ్లుగా మాట్లాడుతున్న భాషే అయినా ఇన్ని మాటలు ఎందుకున్నాయో ఎప్పుడూ ఆలోచించలేదు. పిల్ల "ఎందుకు?" అని అడిగితే తప్ప తట్టలేదు. మన మాట చెయ్యి చేసే పనిని చూస్తుంది. కుట్టని గుడ్డ నిలవాలంటే కట్టాలి, అందుకని కట్టుకోవడం. తొడుగులోకి చెయ్యో కాలో దూరాలి, అందుకని తొడుక్కోవడం. ఒక చోట నిలిపేది పెట్టుకోవడం, మెడలోంచి వేలాడేది వేసుకోవడం. అన్నిటికీ ఈ లెక్క కుదరదులెండి, బెల్టు నడుం చుట్టూ తిరిగినా పెట్టుకోమనే అంటాం. ఇంగ్లీషు వాళ్లకి చెయ్యి ఏం చేసిందన్నది అక్కర్లేదు, ఒంటి మీద ఉందా లేదా, అంతే.

ఈ తేడా నన్ను కూడా పట్టిచ్చింది, అది ఇంకో అవమానం. రోజూ పొద్దున బడి బస్సు వచ్చే టైముకి నేను "వేర్ యువర్ షూస్!" అని అరుస్తా. ఒకరోజు పిల్ల గుమ్మంలో నిలబడి, "అమ్మా, పుట్ ఆన్ అనాలి. వేర్ అంటే ఆల్రెడీ కాళ్లకి ఉండటం" అంది. అసలే లేటవుతుందని టెన్షన్, పైగా ఈ వ్యాకరణం! కానీ నిజమే. తొడుక్కునే పనికి పుట్ ఆన్, తొడుక్కుని ఉండటానికి వేర్. మనకి 'వేసుకున్నాను' అంటే రెండూ వచ్చేస్తాయి, అందుకే మనలో చాలామంది నోట ఇదే తప్పు దొర్లుతుంది. తెలుగులో పిల్లని నేను దిద్దుతుంటే ఇంగ్లీషులో అది నన్ను దిద్దుతోంది, ఇద్దరం సమానం అనుకుందామంటే అది చాలా ఎక్కువసార్లు దిద్దుతుంది.

వేర్ గురించి కాస్త చదివాక ఒక సంగతి బాగా నచ్చింది. దాని పాత ఇంగ్లీషు రూపం 'వెరియన్', ఇంకా వెనక్కి వెళ్తే దాని మూలమూ మన 'వస్త్రం' అనే సంస్కృత మాట మూలమూ ఒకటే. అమ్మకి చెప్తే "అయితే మన దగ్గర ఎత్తుకుపోయిందే" అంది. ఎవరూ ఎత్తుకుపోలేదమ్మా, రెండిటికీ ముత్తాత ఒకడే అని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. కట్టుకోవడం మాత్రం మన ద్రావిడ మాటే, అరవంలో కూడా చీర కట్టుకోవడమే. వేర్‌కి భూతకాలం మొదట్లో మామూలుగా డ-కారంతోనే ఉండేది, బేర్, స్వేర్ లాంటి వాటి సావాసం వల్ల తర్వాత వోర్, వోర్న్ అయింది. పిల్లలు 'వేర్డ్' అంటే నవ్వుతాం గానీ, పాపం, పాత పద్ధతి అదే.

సరే, ఎట్టకేలకి బయల్దేరాం. గుమ్మం దగ్గర అమ్మ చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే పిల్ల వంగి చూసి, "అమ్మమ్మా, నీ చెప్పులు వేసుకుపోయాయి" అంది. అమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు ఒక క్షణం పట్టింది, వేర్ అవుట్ అన్నమాట. అరిగిపోయాయి అనాలనుకుంది. ఇంగ్లీషులో వేసుకోవడానికీ అరగడానికీ ఒకే మాట అని చెప్పాను. మందు పని తగ్గిపోతే వేర్ ఆఫ్, మనిషి అలిసిపోతే వోర్న్ అవుట్. అమ్మ ఇందాకటి సంస్కృతం గొడవలో లాగా వాదిస్తుందేమో అనుకున్నా. "వేసుకుంటే అరగదా మరి? ఆ మాట బాగుంది" అంది, మడమ దగ్గర పల్చబడిన చెప్పుని ఒకసారి తిరగేసి చూసుకుని. మూడేళ్ల కింద నేనే కొనిచ్చిన చెప్పులు. కొత్తవి కొందామంటే వద్దంటుంది, ఇవి కాలికి అలవాటు పడ్డాయంట.

కారు హైవే ఎక్కకముందే పిల్ల వెనక సీట్లో నుంచి, "అమ్మమ్మా, సీట్ బెల్ట్ కట్టుకో" అంది, కొత్తగా నేర్చుకున్న మాట కదా. డ్రైవరు అబ్బాయి "పెట్టుకోండమ్మా" అన్నాడు. నేను అలవాటుగా "వేసుకో అమ్మా" అన్నా. ముగ్గురం మూడు మాటలు. అమ్మ ఆ పట్టీని చేత్తో పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసింది, లాగింది, బిళ్ల ఎక్కడ గుచ్చాలో తెలీలేదు.

"దీన్ని తగిలించుకుంటారు" అని తేల్చేసింది. "యాడ తగిలించాలో నువ్వే చూపించు పిల్లా."