స్కైలాబ్ పడే రోజు కోసిన కోడి

మేముండేది ఓర్లాండోలో. కెన్నెడీ స్పేస్ సెంటర్ ఇక్కడికి గంట దూరం. పోయిన సమ్మర్ సెలవుల్లో నాయుడుపేట నుంచి మా అమ్మ వస్తే, మావాడు పట్టుబట్టి ఆమెను అక్కడి రాకెట్ గార్డెన్‌కి తీసుకెళ్ళాడు.

వాడికి తొమ్మిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తాడు. ఆమె అడగడం, వాడు చెప్పడం, మధ్యలో నేను అటూ ఇటూ మార్చి చెప్పడం. రెండు వారాలుగా ఇంట్లో ఇదే వరస. నా బిడ్డతో మా అమ్మ మాట్లాడుకోవడానికి మధ్యలో నేనెందుకు అని దిగులుగా ఉండేది.

ఆరుబయట, తాటిచెట్ల పక్కన నిటారుగా నిలబెట్టిన రాకెట్లు. రెడ్‌స్టోన్, అట్లాస్, టైటాన్ అని వాడు పేర్లు చదువుతూ ముందు పరిగెత్తుతున్నాడు. ఎండ మండిపోతోంది. అమ్మ కొంగు నెత్తిన వేసుకుని వెనకే నడుస్తోంది. శ్రీహరికోట మాకు దగ్గరే కాబట్టి మిద్దె మీద నుంచి రాకెట్ పొగ చూడటం ఆమెకి అలవాటే.

చివర్లో ఒకటి మాత్రం పడుకోబెట్టి ఉంది. సాటర్న్ 1బి. 68 మీటర్ల పొడవు. వెనక ఎనిమిది ఇంజన్లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇదెందుకు ఎగరలేదు అని అడిగింది. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళకి ఆపదొస్తే తీసుకురావడానికి సిద్ధంగా ఉంచారని, ఇద్దరు వెళ్ళి ఐదుగురు తిరిగొచ్చేలా అపోలో నౌకలో ఐదు సీట్లు వేసే ఏర్పాటు చేశారని, ఆ అవసరమే రాలేదని వాడు గబగబా చెప్పాడు.

నేను తెలుగులో చెప్పేలోపే అమ్మ "స్కైలాబా?" అంది. ఆ ఒక్క మాట చాలింది ఆమెకి.

1979లో ఆమెకి పన్నెండేళ్ళు. స్కైలాబ్ మన మీదే పడుతుందని ఊరంతా ఒకటే భయం. రేడియో ఉన్న ఇంటి ముందు జనం. ఎలాగూ పోతాం, కడుపునిండా తినైనా పోదామని ఇంటింటా కోళ్ళు కోశారట. మా తాతయ్య కోసింది అమ్మ పెంచుకున్న పెట్టని. కూర ముట్టకుండా ఏడుస్తూ పడుకుందట. మన టైమ్‌లో జూలై 11 రాత్రి అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపు పడింది. తెల్లారేసరికి అందరూ బతికే ఉన్నారు, పెట్ట తప్ప.

సాటర్న్ నీడలో నిలబడి మావాడు నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, ఆమెనే అడిగాడు, తెలుగులో: "అమ్మమ్మా, నువ్వు భయం అయ్యావా?"

"భయపడ్డావా అనాలి నాయనా. పడ్డాను. కానీ పెట్ట కోసమే ఎక్కువ ఏడ్చాను."

"దాని పేరు ఏంటి?"

"పేరెందుకుంటుంది? బ బ్బ బ్బా అంటే వచ్చేది."

వాడు అక్కడే బ బ్బ బ్బా అని పిలిచి చూశాడు. నేను నోరెత్తలేదు. మధ్యలో నా అవసరం లేకపోవడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తిరుగు దారిలో కారులో వెనక సీట్లో ఇద్దరూ అదే పని. స్కైలాబ్ పడిన నెల రోజులకే, ఆగస్టు 10న, శ్రీహరికోట నుంచి మన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ లేచి బంగాళాఖాతంలో పడిందని నేనే చెప్పాను. "మళ్ళీ చేశారా?" అన్నాడు. మరుసటి ఏడాది జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారని చెబితే, "ఆ రోజు కోడిని కోశారా?" అని అమ్మనే అడిగాడు. లేదని ఆమె గట్టిగా ఒట్టు వేసింది.

రాత్రి వాడు బొమ్మ వేశాడు. పైన స్కైలాబ్, కింద మిద్దె, మిద్దె మీద ఎర్ర కోడి. దాని కింద పేరు రాయాలన్నాడు. తెలుగులో. అమ్మ వాడి చేతి మీద చెయ్యి వేసి, ట కింద ఒత్తు ఎలా రాయాలో చూపించింది.