సున్నా శాతం వచ్చినందుకు దొంగనయ్యేను

మొన్న గురువారం నా పీహెచ్‌డీ వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, రేపటికి మంచిదాన్నయిపోతానేమో.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. 2019లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరేను. ఉన్నమాట చెప్పుకోవాలి, భాషాసేవ కోసం చేరలేదు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 2021 జులై నుంచి పీహెచ్‌డీ ఉండి తీరాలని యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ 2018లో నిబంధన పెట్టింది. నెట్ అనే అర్హత పరీక్ష ఒక్కటే ఉంటే చాలదన్నారు. సరేనని అందరం పరిగెత్తేం. ఆ గడువు 2023 జులైకి జరిగింది. తీరా ఆ జులై వచ్చేసరికి పీహెచ్‌డీ అక్కర్లేదు, నెట్టో, రాష్ట్రాలవాళ్ళు పెట్టే సెట్టో స్లెట్టో ఉంటే చాలన్నారు. అప్పటికి నేను మూడో అధ్యాయంలో ఉన్నాను. ఆ సంగతి చెప్తే మా అత్తగారు, "మరింకెందుకే అమ్మా, మానీ" అన్నారు.

ఎంట్రన్సు, ఇంటర్వ్యూ, ప్రీ పీహెచ్‌డీ పరీక్షలు చదివితే అయిపోతాయి. గైడుగారు మంచివారు, ఫోనెత్తుతారు. అంతకంటే ఏం కావాలి?

వ్యాసాల సంగతి మాత్రం ఇంకా మండుతోంది. మా బ్యాచ్‌కి యూజీసీ 2016 నిబంధనలు. థీసిస్ ఇచ్చేలోపు పత్రికలో ఒక వ్యాసం అచ్చవ్వాలి, సెమినార్లలో రెండు పత్రాలు చదవాలి. ఆ పత్రిక, యూజీసీ ఒప్పుకున్న పత్రికల కేర్ జాబితాలో ఉండాలని మావాళ్ళు పట్టుబట్టేరు. ఒక పత్రికవాళ్ళు మూడున్నర వేలు పుచ్చుకుని అచ్చువేసేరు, నా పేరులో దీర్ఘం ఎగరగొట్టి మరీ. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ వ్యాసం తప్పనిసరి అన్న మాటే తీసేసేరు, కానీ పాతవాళ్ళకి పాత రూలే. 2025లో కేర్ జాబితాకే నీళ్ళొదిలేరు. నా మూడున్నర వేలు ఎవరిస్తారు?

ఇంక అసలు కథ. నా అంశం మా జిల్లా వరిసాగు మాటలు. ఉభాలు (అంటే వరినాట్లు), ఎదలు, ఆకుమడి, మదుము, కళ్ళం, ఇలాంటివి. పోలాకి వైపు ఒక మామ్మ ఉభాల పాటలు పాడుతుంటే గట్టు మీద కూచుని ఫోనులో రికార్డు చేసుకున్నాను. 287 పేజీల థీసిస్ ఏడు రోడ్ల కూడలి దగ్గర డీటీపీ చేయించేను. అక్కడ అందరిలాగే అను ఫాంటులో కొట్టేరు. ఇలా కొట్టకూడదని ఎవరూ చెప్పలేదు.

థీసిస్ ఇచ్చేముందు ప్లేజరిజమ్ సర్టిఫికెట్, అంటే ఇతరుల రాతలు ఎత్తి రాయలేదన్న కాగితం, కావాలి. మన రాత ఇతర రాతలతో ఎంత కలుస్తుందో చూసే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సున్నా శాతం వచ్చింది. నేను సంబరపడ్డాను. యూనివర్సిటీలో ఆ సర్టిఫికెట్ ఇచ్చే సెక్షన్ ఆయన కాగితం తిప్పి తిప్పి చూసి, గదిలో పదిమంది ముందు, "సున్నా ఎవరికీ రాదమ్మా. ఏం మాయ చేసేరు?" అన్నారు. పక్కనున్న రీసెర్చి పిల్లలు నవ్వేరు. నాకు నలభై రెండేళ్ళు. వాళ్ళలో ఒకడు నా దగ్గర డిగ్రీ చదివినవాడు.

విషయం ఏమిటంటే అను ఫాంటు తీసేస్తే లోపల తెలుగుండదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా ఉంటాయి. ఆ గజిబిజి లోకంలో ఇంకెవరూ రాసి ఉండరు కదా, అందుకే సున్నా. ఇది ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి మూడుసార్లు బస్సెక్కేను. మొదటిసారి సీట్లో లేరు. రెండోసారి టీకి వెళ్ళేరు. మూడోసారి, "యూనికోడ్‌లోకి మార్చి తీసుకురండి" అన్నారు. ఆ ముక్క మొదటిరోజే అనొచ్చు.

మారిస్తే ఒత్తులన్నీ వలస పోయేయి. వ్యవసాయం కాస్తా వయ్వసాయం అయింది. కాలేజీ నుంచి వచ్చి, వంట చేసి, రాత్రి పదింటికి కూచుని ఇరవై మూడు రాత్రులు దిద్దేను. మళ్ళీ వేస్తే ఈసారి 38 శాతం! అదే ఆయన, అదే గది. "ఎక్కణ్ణుంచి ఎత్తేరు?" అన్నారు.

రిపోర్టు ఇంటికి తెచ్చి రంగురంగుల గీతల వెంబడి చదివేను. ఉపయుక్త గ్రంథాల పట్టిక, విషయసూచిక, కృతజ్ఞతలు అన్నీ లెక్కలో వేసేసేరు. మామ్మ పాటలు నా వ్యాసంలోనే అచ్చయ్యేయి, ఆ వ్యాసం నెట్లో ఉంది. అంటే నన్ను నేనే దోచుకున్నానన్నమాట. ఆ రాత్రి యూజీసీ 2018 ప్లేజరిజమ్ నిబంధనలు దింపుకుని చదివేను. గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు తీసేసి లెక్కించాలి. ఎక్కడిదో చెప్పి ఉటంకించినవీ తీసెయ్యాలి. పది శాతం లోపుంటే శిక్ష లేదు. ఎర్ర ఇంకుతో గీతలు గీసి, నా వ్యాసం నాదేనని గైడుగారి చేత ఉత్తరం రాయించి, అవన్నీ తీసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టేను. అక్కడ ఎవరిదో థీసిస్ మీద టీ గ్లాసు ఉంది. ఆయన చదవలేదు, పైవారిని అడిగి వచ్చేరు. ఇరవై నిమిషాల్లో ఏడు శాతం! నేను గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఆ రూలు ఆ సెక్షన్లో మొదట చదివింది నేనే.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవరలనే గిరిజనుల దగ్గర కూచుని వాళ్ళ భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారిది మా జిల్లాయే. ఆయన్నెవరూ శాతం అడగలేదు. మన దగ్గర ఇప్పుడు పరిశోధనంటే శాతం, చలానా, నో డ్యూస్. ఆరేళ్ళలో ఆ ఆఫీసులో ఒక్కరూ ఉభాలంటే ఏమిటని అడిగిన పాపాన పోలేదు.

చేరబోయేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తాను. మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి. ఏ కాగితమిచ్చినా ముద్రేసిన నకలు పుచ్చుకోండి. ఆడవాళ్ళకి ఆరేళ్ళ గడువు మీద ఇంకో రెండేళ్ళుంటాయి, మా కౌంటర్లో ఎవరూ చెప్పలేదు, మీరే అడగండి. సోమవారం మాత్రం వెళ్ళకండి.

వైవాకి గోదావరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేరు. నా పట్టికలో వేలుపెట్టి, "మేం ఊడ్పులంటాం, మీ ఉభాలు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?" అని అడిగేరు. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. చివర్లో నేను మామ్మ పాట ఒక చరణం పాడితే తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు, "మా అమ్మ పాడేదండి ఇది" అన్నాడు.

ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి ఇంకో చలానా కట్టాలిట. రేపు మళ్ళీ బస్సు.