గోల్ఫ్ స్వింగ్‌లో తుంటి మలుపు

ఆడాలంటే హైదరాబాద్‌కో విశాఖపట్నానికో వెళ్లే మా విజయవాడ వాళ్లకు ఇంటి దగ్గరి సాధనే పెద్ద దన్ను. ఆ సాధనలో మొదటి స్థానం తుంటి మలుపుకే ఇవ్వాలని నా నమ్మకం. పాదాలు నేలను తొక్కినప్పుడు పుట్టే బలం తుంటి, మొండెం, చేతుల మీదుగా క్లబ్బుకు, అంటే బంతిని కొట్టే కర్రకు, చేరుతుంది. ఈ వరుసలో తుంటి తన పని మానేస్తే ఆ భారమంతా నడుమే మోయవలసి వస్తుంది.

కుడిచేతి ఆటగాడు క్లబ్బును వెనక్కి ఎత్తేటప్పుడు భుజాలు దాదాపు 90 డిగ్రీలు, తుంటి అందులో సగం తిరగాలన్నది శిక్షకులు చెప్పే స్థూలమైన లెక్క. అయితే వెన్నులో నడుము భాగం సహజంగా మెలితిరిగేది చాలా కొద్దిగానే కాబట్టి, తుంటిని బిగబట్టి భుజాలను మాత్రమే తిప్పమనే సలహా వయసు మీరినవారికీ కీళ్లు బిగుసుకున్నవారికీ ఇవ్వనే కూడదు. అటువంటివారు తుంటిని ఇంకాస్త తిరగనివ్వాలి, అవసరమైతే ఎడమ మడమ లేపాలి. గోల్ఫ్‌లో అతిపెద్ద పోటీలైన మేజర్లలో 18 టైటిళ్లు గెలిచిన జాక్ నిక్లాస్ కూడా ఎడమ మడమ లేపే ఆడాడు.

తుంటి తిరగాలి గాని పక్కకు జరగకూడదు. కవ్వం కుండలో ఉన్నచోటే తిరిగినట్టు తిరిగితే బరువు కుడి పాదం లోపలి వైపు నిలుస్తుంది; వెలుపలి అంచు మీదికి పోయిందంటే అది మలుపు కాదు.

ఎండ ముదరకముందే డాబా ఎక్కి, సున్నం వేసిన మెట్లగది గోడకు వీపు పెట్టి, పిరుదులు రెండూ ఆనీ ఆననట్టు నిలబడి, ముందుకు కాస్త వంగి, చేతులు రొమ్ము మీద కట్టుకోండి. క్లబ్బును ఎత్తుతున్నట్టు వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు గోడను నొక్కాలి. బంతిని కొట్టబోతున్నట్టు కిందికి వచ్చేటప్పుడు, భుజాలు ఇంకా వెనకే ఉండగా, ఎడమ పిరుదు వెళ్లి గోడను అందుకోవాలి. ముదురు రంగు ప్యాంటు వేసుకుంటే తేడా కంటికే కనబడుతుంది: కుడివైపు సున్నం బాగా అంటి ఎడమవైపు లీలగా ఉంటే, తుంటి గోడను వదిలి బంతి వైపు దూసుకెళ్తున్నట్టు లెక్క. అప్పుడు చేతులు దిగడానికి చోటు చాలక, ఆటగాడు నిటారుగా లేచిపోయి, బంతిని కుడికో ఎడమకో పోగొట్టుకుంటాడు.

ఎడమ పిరుదు తడుముకోకుండా గోడను అందుకునే దాకా క్లబ్బు ముట్టుకోవద్దు. ఆ తరువాత సెవెన్ ఐరన్ అనే మధ్యరకం క్లబ్బుతో సగం స్వింగులు, అదీ నెమ్మదిగా, గోడకు దూరంగా జరిగి చేయండి.