కసిమి ఆరేలోపు

చీరల ప్రింట్లు గీయడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో ఓ ఆఫీసు, ఓ కంప్యూటరు, ఓ పెన్ టాబ్లెట్. పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే "ఆ ఎరుపు కొంచెం తగ్గించండి" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్. మధ్యాహ్నానికి "ముందుదే బాగుంది" అని ఇంకొకటి. ఈ రెండింటి మధ్య మామిడి పిందెల్ని రిపీట్‌లో పెట్టి, నాలుగు వైపులా అతుకు కనబడకుండా సర్దుతూ కూర్చుంటాను. ఇన్‌స్పిరేషన్ ఎక్కడ దొరుకుతుందని కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. చాలావరకు డెడ్‌లైన్ దగ్గరే దొరుకుతుంది. ఈసారి మాత్రం అమ్మ మొక్కు పుణ్యమా అని తిరుపతి ప్రయాణం పడింది.

కొండ మీద గుళ్లోకి ఫోన్లు పట్టుకెళ్లనివ్వరు. ఏం చూసినా కళ్లతో చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే, నాబోటివాళ్లకు అది మేలే. మహాద్వారం దాటాక మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి. రాయల తలమీద పొడుగాటి కుళ్లాయి. వెనకనుంచి క్యూ తోస్తున్నా నా చూపు మాత్రం రాణుల చీరల మీదే ఉండిపోయింది. చెక్కింది లోహం మీదైనా బట్ట బట్టలాగే కనబడుతోంది. "దండం పెట్టుకోవే" అని అమ్మ మోచేత్తో పొడిచింది.

మర్నాడు చంద్రగిరి కోట. కలప వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో లేపిన మూడంతస్తుల రాజమహల్ అది. అమ్మకు మోకాళ్ల నొప్పి కాబట్టి పచ్చికలో కూర్చుని బయటినుంచే చూసి వచ్చేశాం.

నా అసలు పని శ్రీకాళహస్తిలో. అమ్మను రాహుకేతు పూజ క్యూలో వదిలిపెట్టి, ముందే ఫోన్లో మాట్లాడుకున్న ఒక కలంకారీ అన్న, అంటే బట్టమీద కలంతో బొమ్మలు గీసే ఆయన, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడి కాళహస్తి అందులోకి వచ్చింది గానీ, ఆయన నోట ఇంకా "మా చిత్తూరు జిల్లా" అనే వస్తుంది. ముందు గదిలో వాళ్లావిడా ఇంకో ఇద్దరు ఆడపిల్లలూ నేలమీద కూర్చుని రంగులు నింపుతున్నారు. గోడకు రామాయణం తెర వేలాడుతోంది. నడిమధ్య పెద్దగా పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా కథ, ప్రతి బొమ్మ కింద తెలుగులో రాత. బొమ్మకీ అక్షరానికీ ఎంతెంత చోటివ్వాలని మేం మీటింగులు పెట్టుకుంటాం. ఇక్కడ అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

మా క్లయింట్లు చాలామంది కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దేదాన్నీ, కాళహస్తిలో చేత్తో గీసేదాన్నీ ఒకే పేరుతో పిలుస్తారు. రెండూ కలంకారీలే, కాదనను. కానీ ఇక్కడ కలం ఉన్నది పేరులోనే కాదు, పనిలో కూడా. వెదురు పుల్లకు మొన చెక్కి, దానికి కాస్త పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి కడతారు. ఆ ఉండను రంగులో ముంచి వేళ్లతో నొక్కుతూ ఉంటే మొనలోంచి సన్నగా దిగుతుంది. గీత లావూ సన్నమూ అంతా వేళ్ల ఒత్తిడిలోనే.

నల్ల రంగును కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు నానబెడతారు. మూత తీస్తే పులిసిన పిండి వాసన. అన్న ఒక చుక్క నా గోటి మీద వేశాడు, అది పల్చగా మురికి నీళ్లలా ఉంది. అదే బట్ట మీద గీస్తే చూస్తుండగానే నల్లబడింది. బట్టను ముందే కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు కదా, ఆ కరక్కాయ వగరూ ఈ ఇనుమూ కలిస్తేనే నలుపు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు పక్కకు పాకదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఎరుపు. ఎరుపు కావలసిన చోటల్లా ఆ పిల్లలు పూస్తున్నది పటిక నీళ్లు. పూసినచోట రంగనేది లేదు. తర్వాత అదనపు పటిక పోయేలా పారే నీళ్లలో జాడించి, ఎర్ర రంగునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క వంటివి వేసి కాగులో ఉడికిస్తే, పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట పడ్డ మరకను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెట్టి వదిలిస్తారు. అంటే, పూసేటప్పుడు ఆ పిల్ల రాబోయే ఎరుపును మనసులోనే చూడాలి. నా స్క్రీన్ మీద ఎరుపు నొక్కగానే వస్తుంది. అందుకే కాబోలు, తగ్గించమని అడగడం అందరికీ అంత తేలిక.

"స్వర్ణముఖిలో నీళ్లుంటే ఉతుకుడు అక్కడే. లేనప్పుడు బోరు నీళ్లే గతి," అంది వాళ్లావిడ. ఒక వాన పడితే వారం పని ఆగుతుందట. బజార్లో కలంకారీ పేరుతో మిషన్ ప్రింటు చీర కొన్ని వందలకే దొరుకుతోంది. ఇంత పనికి ఇంత ధరా అని బేరమాడేవాళ్లకు ఈ కాగు దగ్గర ఓ పూట కూర్చుంటే చాలు.

ఈ విద్య ఒక దశలో దాదాపు ఆగిపోయింది. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ నిలదొక్కుకుంది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ పేరెత్తినప్పుడు అన్న గొంతులో కాస్త గర్వం కనిపించింది.

నేను తీసుకెళ్లిన నెమలి డిజైన్ చూపించి, దుపట్టా మీద గీసివ్వమని అడిగాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం మ్మా, నెమలి కింద ఇంత చోటు ఊరికే వదిలేసినావు?"

"ఖాళీ ఉంటేనే నెమలి ఎత్తి కనబడుతుంది కదన్నా."

"పని ఎగ్గొట్టినట్టు కనబడతాది. ఆ తోక గీతలు కూడా, ఇంత సన్నగా ఉంటే కలానికి రావు."

తోక విషయంలో నేను వెంటనే ఒప్పుకున్నాను. ఖాళీ దగ్గర మాత్రం ఇద్దరం తగ్గలేదు. కాల్చిన చింతపుల్ల తీసుకుని బట్ట మీద నెమలి గీసి, దాని కింద చకచకా మూడు పూలూ ఒక తీగా పెట్టేశాడు. నేను కొంగుతో రెండు పూలు తుడిచేశాను. బొగ్గు గీతే కాబట్టి దులిపితే పోతుంది. ఆయన నవ్వి ఒకటి మళ్లీ గీశాడు. ఈలోగా పూజ అయిపోయిందని అమ్మ ఫోన్.

"పోయిరా మ్మా. నువ్వు మళ్లీ తుడిచేలోపల కసిమి పెట్టేస్తాలే," అని కుండ మూత తీశాడు.