కొలిచేవాడికి జీతం

"కట్టె కొలిచినందుకు నీకు జీతం, కట్టెపుల్ల ఏరినందుకు మాకు జరిమానా."

టాంజానియాలో ఉద్జుంగ్వా కొండల కింద, మాంగులా దగ్గర ఒక పెద్దావిడ నా మొహం మీదే అన్న మాట ఇది. నేను "షికమూ మామా" అని మర్యాదగానే పలకరించాను. ఆవిడా "మరహబా" అంది. ఆ తరవాతే నా చేతిలో టేపు చూసి ఈ మాట అంటించింది. పక్కనున్న ఫీల్డ్ కుర్రాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ కోపంలో వింతేమీ లేదు. టేపు, జీపీఎస్ పట్టుకుని ఎవడో కొత్తవాడు ఊళ్ళోకి దిగితే మనవాళ్ళకి మాత్రం గుండె దడ రాదూ? రోడ్డుకో, రిజర్వాయరుకో ఏదో ఒకటి పోతుందనే కదా అనుకుంటాం. పైగా ఇక్కడ మనవాళ్ళంటే వ్యాపారం చేసుకునేవాళ్ళనే పేరు. ఈ అడవి కొంటున్నావా అని ఇంకొకాయన సీరియస్‌గానే అడిగాడు.

నేను చేసేది కొనడం కాదు, చెట్టును నరక్కుండా దానిలో కార్బన్ ఎంతుందో లెక్కగట్టడం. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండం చుట్టూ టేపు వేస్తాం. వ్యాసం 10 సెంటీమీటర్లు దాటిన ప్రతి చెట్టుకీ ఒక అల్యూమినియం బిళ్ళ, ఒక నంబరు. వినడానికి ఇంతే. కానీ మబ్బు దిగే కొండల్లో కాండాల మీద నాచు మందంగా పట్టి ఉంటుంది. దాని మీంచి టేపు వేస్తే చెట్టుకి లేని లావు వచ్చేస్తుంది. అందుకని తడి నాచు కిందకి వేళ్ళు దూర్చి టేపు నెట్టాలి, పాకిన తీగల్ని ఎత్తి పట్టుకోవాలి. చెట్టు మొదలు దగ్గర గోడల్లా లేచిన వేర్లుంటే నిచ్చెన వేసుకుని, అవి ఆగినచోటికి అర మీటరు పైన కొలవాలి. మేం కొలవడానికి గుర్తు పెట్టుకునే అడవి ముక్కని ప్లాటు అంటాం; 30 డిగ్రీల వాలులో వంద మీటర్ల ప్లాటు గీయాలంటే నేల మీద 115 మీటర్లు పాకాలి, హెక్టారు లెక్క పైనుంచి చూసిన వైశాల్యానికే కాబట్టి. లావుకి ఎత్తు, ఆ జాతి కలప సాంద్రత కలిపితే బరువు వస్తుంది. ఎండు బరువులో సగానికి కాస్త తక్కువ కార్బన్.

ఇదేమీ దండగ పని కాదు. ఆఫ్రికాలో 12 దేశాల కొండ అడవుల్ని 44 చోట్ల కొలిచిన అధ్యయనం 2021లో నేచర్ పత్రికలో వచ్చింది. నేలపైన హెక్టారుకు సగటున 149 టన్నుల కార్బన్ ఉందని తేలింది. అప్పటిదాకా ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, వాడమన్న అంకె కన్నా ఇది మూడింట రెండొంతులు ఎక్కువ. కొండ మీదవి గిడసబారిన చెట్లేలే అని తీసిపారేసినవాళ్ళకి మంచి జవాబు. ఇదంతా వచ్చీరాని స్వాహిలీలో ఆవిడకి చెప్పబోయాను.

"అయితే?" అంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ అడవి 1992లో నేషనల్ పార్కు అయ్యాక కూడా కొన్నేళ్ళు వారానికోసారి ఎండుకట్టెలు ఏరుకోనిచ్చేవారు. 2011లో అదీ ఆపేశారు. కట్టెల వంకతో కత్తులు తెచ్చి పచ్చి చెట్లు కొడుతున్నారన్నది పార్కు వైపు మాట. అబద్ధమనను, నరికిన మొదళ్ళు నేనూ చూశాను. కానీ మా ఫారం సంగతి వినండి. పడిపోయిన మానుల్ని కూడా కొలుస్తాం, లావు 10 సెంటీమీటర్లు దాటితేనే. ఆవిడ పొయ్యిలోకి కావలసిన వేలు లావు పుల్లలు మా లెక్కలోకి రానే రావు. ఆవిడ మోపు కట్టుకుపోయినా, అక్కడే వదిలేసినా నేను రాసే అంకె అంతే ఉంటుంది. అయినా ఆ అంకె రేపు పనికొచ్చేది గేటు మూసి ఉంచాలనేవాళ్ళకే.

మన దగ్గరే నయం, 2006 అటవీ హక్కుల చట్టంలో కంపా, మోళ్ళ మీద కూడా హక్కు రాసి ఉంది అని ఒక రాత్రి క్యాంపులో గొప్పగా చెప్పాను. "రాసి ఉందా, ఇస్తున్నారా?" అని టీమ్ లీడర్ అడిగాడు. మన్యంలో మోపులతో దిగే ఆడవాళ్ళు చెక్‌పోస్టు కనబడగానే దారి మార్చడం గుర్తొచ్చి, నేనూ మాట మార్చాను. పరాయి దేశంలో మన చట్టాన్ని మనమే వెనకేసుకురాకపోతే ఎలా మరి!

ఈ సీజన్‌కి రెండు అడిగాను. కొత్త ప్లాట్లు వేసే ముందు ఊరి మీటింగులో కూర్చుని, ఈ టేపు దేనికో, అంకెలు ఎవరికి పోతాయో చెప్పాలని ఒకటి. ఒక ప్లాటులోనైనా సన్నపుల్లల్ని తూకం వేయాలని ఇంకొకటి. పుల్లలకి బడ్జెట్ లేదన్నారు. మీటింగుకి సరేనన్నారు, మాట్లాడాల్సింది మాత్రం నువ్వే అన్నారు. నా స్వాహిలీ బాగుపడటానికి నెల కూడా టైము లేదు.