బొగ్గుల గ్రిల్ అడుగు ఊడిపోయింది – నా అనుభవం

నిన్న సాయంత్రం గ్రిల్ మళ్ళీ వెలిగించాను. నెల రోజుల టెన్షన్ తీరింది కాబట్టి మర్చిపోకముందే రాస్తున్నాను.

మాది విశాఖ, పెదవాల్తేరు. మేడెక్కితే సముద్రపు గాలే. ఉప్పు గాలికి కిటికీ ఊచలే ఆగవు. అందుకే రెండేళ్ళ కిందట ఇనప గ్రిల్ కొన్నప్పుడే మంచి కవర్ కూడా కొన్నాను. వాడగానే కప్పేసేవాణ్ణి. చాలా జాగ్రత్తగా ఉంటున్నాననే అనుకున్నాను.

పోయిన నెల మా బావగారి కుటుంబం వచ్చింది. చికెన్ ముక్కలు సగం కాలాయో లేదో, అడుగు రేకు ఊడి నిప్పులు గచ్చు మీద పడ్డాయి. మా మేనకోడలు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. పిల్లకి ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఊడిన రేకు సంచిలో పెట్టుకుని కొన్న షాపుకి వెళ్ళాను. ఓనరు బిల్లు వెనక్కి తిప్పి, సన్నక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. తుప్పు వారంటీలోకి రాదట. "అడుగు పలక ఒక్కటీ అమ్ముతారా?" అంటే అమ్మరట. నలుగురు కస్టమర్లు వింటుండగా, "వాడుకోవడం రానప్పుడు కరెంటుది కొనుక్కోవాలి సార్" అన్నాడు. మా నాన్నగారి వయసున్న పెద్దాయన ఒకరు నా సంచి వైపు జాలిగా చూశారు. ఏం మాట్లాడాలో తెలియక బయటికొచ్చేశాను. విడి భాగాలు దొరకని గ్రిల్ మాత్రం ఎవరూ కొనకండి. ధర అడిగే ముందు అడుగు పలక, జాలీ విడిగా దొరుకుతాయా అని అడగండి.

అసలు సంగతి చెప్పింది మా వీధి చివర వెల్డింగు తాత. మూలలో మిగిలిన బూడిదని స్క్రూడ్రైవర్‌తో గీకి నా అరచేతిలో పెట్టాడు. చల్లగా, తడి సున్నంలా ముద్దగా ఉంది. "దీన్ని తినేసింది బూడిదే బాబూ" అన్నాడు. బూడిదలో క్షారం ఉంటుంది. గాలిలో తేమని లాక్కుంటుంది. పైన ఉప్పు గాలి. నేను బూడిద లోపలే వదిలేసి, గ్రిల్ గోరువెచ్చగా ఉండగానే కవర్ కప్పేవాణ్ణి. ఆ చెమ్మ బయటికి పోయే దారే లేదు. కాపాడుతున్నాననుకుంటూ రెండేళ్ళు నేనే పాడు చేశాను.

కొత్త అడుక్కి జీఐ రేకు, అంటే జింకు పూత పూసిన ఇనప రేకు, చవకని పక్క షాపతను చెప్పాడు. వద్దన్నాను. ఆ రేకు మీది జింకు 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, బొగ్గుల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. ఆ జింకు పొగ పీలిస్తే చలి జ్వరం వస్తుంది. తాత మామూలు ఇనుమే, 3 ఎంఎం మందంది వేశాడు. బిగుసుకుపోయిన నట్లు రాత్రంతా కిరసనాయిల్లో నానితే వదిలాయి. వాటి బదులు స్టీలువి పెట్టాం. బయటి తుప్పు ఎమరీ పేపర్‌తో గీకి, ఎక్కువ వేడి తట్టే పెయింట్ వేశాను. లోపల, జాలీకి పెయింట్ తగలనివ్వలేదు.

జాలీ పని అమ్మ తీసుకుంది. "దోసెల పెనం ఎలా చూసుకుంటామో ఇదీ అంతే కదరా" అంటూ పీచుతో తోమి, వెంటనే పొయ్యి మీద పెట్టి తడంతా ఆరబెట్టి, ఉల్లిపాయ సగం నూనెలో ముంచి రుద్దింది. నూనె పలచగా ఉండాలి, ఎక్కువైతే జిగురు కడుతుంది. పొగ వచ్చేదాకా కాల్చి, చల్లారాక మళ్ళీ రుద్దింది. మూడోసారికి జాలీ నల్లగా నిగనిగలాడింది. ఇనప తీగల బ్రష్ నేను పారేశాను. తీగ ముక్క ఊడి జాలీకి అంటుకుంటే తిండిలోకి పోతుంది, ఇంట్లో పిల్లలున్నారు.

ఈ ఉదయం గ్రిల్ పూర్తిగా చల్లారాక బూడిదంతా ఇనప డబ్బాలోకి ఎత్తాను. మూలలు పాత బట్టతో తుడిచి, అడుగు పలక మీద వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. అప్పుడు కవర్ కప్పాను.